నెస్టా ఐసు దోనె

గిజో దీవి బజారులో పొద్దున్నే నెస్టా గొంతు వినపడలేదంటే వేట పడవలు ఖాళీగా తిరిగొచ్చాయన్నమాట. సూర చేపలు అమ్మడంలో ఆమెను మించినవాళ్లు లేరు. బేరానికి దిగినవాళ్లను నవ్విస్తుంది, వాళ్లు నవ్వేలోగా చేప చుట్టి చేతిలో పెడుతుంది. మనిషి భారీ, నోటి సంగతి ఇక చెప్పక్కర్లేదు.

కిందటేడు పిల్లల ఫుట్‌బాల్ పోటీల్లో ఆమె మేనల్లుడు జోరాం ఎండదెబ్బకి మైదానంలోనే కుప్పకూలాడు. అందరూ చుట్టూ మూగి కేకలు వేస్తుంటే నెస్టా వాళ్లను తోసుకుని వెళ్లి, వాణ్ణి ఎత్తుకొచ్చి తన ఐసు పెట్టెలో చేపల మధ్య పడుకోబెట్టింది. వాడు తేరుకున్నాడు గానీ ఆమెకు ఆ భయం వదల్లేదు. మూలనపడ్డ పాత దోనె ఒకటి చిల్లు పూడ్పించి మైదానం పక్కన చెట్టు నీడలో పెట్టించింది. ఆట ఉన్న ప్రతిరోజూ దాన్ని నీళ్లతో నింపి, అమ్మకం అయ్యాక మిగిలిన ఐసంతా అందులో గుమ్మరిస్తుంది. ఆడి వచ్చిన పిల్లలు మెడ దాకా మునిగి కూర్చోవాలి, ఒళ్లు చల్లబడ్డాక కొబ్బరినీళ్లు తాగాలి. జట్టు కోచ్ ఆమె తమ్ముడు ఆల్ఫియస్, జోరాం తండ్రి. అక్క మాటకు అతను ఎదురు చెప్పడు.

ఈ ఏడు పోటీల చివరి రోజు పొద్దున సెమీఫైనల్ గెలిచారు. మధ్యాహ్నమే వెల్లా దీవి జట్టుతో ఫైనల్. పిల్లలంతా దోనెలోకి దూకారు, జోరాం తప్ప. వాడి కళ్లు ఎర్రబడ్డాయి, అడుగు తడబడుతోంది.

"ఎక్కరా," అంది నెస్టా.

"నేనెక్కనత్తా! చేపల కంపు. వెల్లా వాళ్లు నన్ను చూసి చేపల్లా నోళ్లు తెరిచి మూస్తున్నారు. కిలో ఎంతని అడుగుతున్నారు!"

"మంచి రేటు చెప్పకపోయావా?"

"నవ్వొద్దత్తా!"

"దోనె ఎక్కనోడు ఫైనల్ ఆడడు. నా కొడుకైనా అంతే," అన్నాడు ఆల్ఫియస్.

"ఆడకపోతే పోనీ," అన్నాడు వాడు. కళ్లు మాత్రం మైదానం మీదే ఉన్నాయి. ఈ ఫైనల్ కోసం వాడు ఏడాదంతా కలవరించాడు. పట్టుకుని ముంచితే పరువు పోయిందని బంతే ముట్టడు. చల్లబడకుండా ఆడితే మళ్లీ పడిపోతాడు. కిందటేడు తన చేతుల మీద వేలాడిన వాడి తల నెస్టాకి గుర్తొచ్చింది.

"లేవండ్రా అందరూ," అంది. చెప్పులు విడిచి, గౌనుతోనే దోనెలో కూలబడింది. పొంగిన నీళ్లకి ఆల్ఫియస్ బూట్లు తడిసిపోయాయి. వెల్లా పిల్లలు పడీ పడీ నవ్వారు.

"నవ్వండి, నవ్వండి! ఇవాళ పెద్ద చేపే పడింది. కిలో ఎంతో అడగరేం?"

ఆ తర్వాత వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. ఐసు తవ్వి చేపల మీద పోయడమే గానీ, ఇన్నేళ్లలో ఆ చల్లదనం ఆమె వీపుకి తగలడం ఇదే మొదలు. మోకాళ్ల నొప్పి, అరికాళ్ల మంట ఒక్కొక్కటే దిగిపోతున్నాయి. ఇంత హాయిగా ఉంటుందని ఒక్క వెధవా చెప్పలేదే అనుకుంది.

"చాల్లే అక్కా, ఇక లే. పిల్లలు కూర్చోవాలి."

"నేను మాత్రం మనిషిని కానట్రా?"

జోరాం మెల్లగా దగ్గరికొచ్చాడు. "అంత బాగుందా అత్తా?"

"నీకెందుకు? నువ్వెక్కవుగా," అంది కళ్లు తెరవకుండానే.

వాడు కాసేపు అటూ ఇటూ చూశాడు. "కొంచెం జరుగు," అన్నాడు.

నెస్టా కాళ్లు ముడుచుకుంది. వాడు అబ్బా అంటూ మునిగి, తల ఆమె భుజానికి ఆనించాడు.

ఫైనల్లో గోల్స్ ఎవరు కొట్టారంటే నెస్టాకి తెలియదు. ఆమె చూసింది వాడి కాళ్లనే. చివరి విజిల్ దాకా అవి తడబడలేదు. ఆట అవగానే రెండు జట్ల పిల్లలూ దోనె దగ్గరికి పరుగెత్తుకొచ్చేసరికి ఆమె అప్పటికే అందులో ఉంది.

"వరసలో నిలబడండి," అంది.