మా బడి వార్షికోత్సవానికి డైరెక్టర్ గారు

ఆ రోజుల్లో మా బడిలో సోషల్ అంటే సబ్జెక్టే తప్ప జీవితం కాదు. హైదరాబాదు నుంచి గంటన్నర బస్సు ప్రయాణం, దిగాక ఇరవై నిమిషాల నడక, ఆ చివర ఆరు గదుల ఉన్నత పాఠశాల. అందులో ఒక గది వాన పడితే సెలవు తీసుకునేది. 'విద్యార్థుల కార్యక్రమాలు' అని రిజిస్టరులో ఒక పేజీ ఉండేది కానీ అందులో రాయడానికి మా దగ్గర ఉన్నవి కబడ్డీ, నెలకోసారి మారాల్సి ఉండి ఏడాదికోసారి మారే గోడపత్రిక, ఆపైన వార్షికోత్సవం. అబ్బాయిలూ అమ్మాయిలూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి పెద్దలు ఒప్పుకున్న సందర్భం ఏడాది మొత్తంలో నాటకం రిహార్సల్ ఒక్కటే, అందులోనూ రాసిచ్చిన మాటలే మాట్లాడాలి. ఊరికొకరు చొప్పున కంప్యూటర్ కోర్సుకని అమీర్‌పేటకు బస్సెక్కుతున్న కాలం అది. మాకు మాత్రం కంప్యూటరంటే పక్క మండలంలో ఎవరో చూశారని విన్న వస్తువు.

పదో తరగతిలో నేను స్కూల్ లీడర్ని. ఏకగ్రీవంగా ఎన్నికయ్యాను. (పోటీదారుకు ఆ వారం అమ్మవారు పోసింది. ఈ సంగతి నా ప్రసంగాల్లో ఎక్కడా చెప్పలేదు.) నా పాలనలో పెద్ద ఒడుదొడుకులేమీ లేవు, ఫిబ్రవరిలో పెద్దసారు, అంటే మా హెడ్మాస్టర్, ఈసారి వార్షికోత్సవం వద్దనేదాకా. ఆయన బాధ న్యాయమైనదే. పోయినేడు ముఖ్య అతిథిగా పిలిచిన పశువుల డాక్టర్ గారు గాలికుంటు వ్యాధి గురించి గంటసేపు ఎంత బాగా చెప్పారంటే, జనం సగంలోనే లేచి తమ తమ పశువుల నోళ్ళు చూసుకోవడానికి ఇళ్ళకు పోయారు. ఆ తరువాత మేం ఆడిన నాటకాన్ని చూసినవాళ్ళు పదకొండు మంది, అందులో ఐదుగురు అదే నాటకంలో ఉన్నవాళ్ళు.

"జనం ఆఖరి దాంక కూసునేటట్టు ఒక మనిషిని తీస్కరాండ్రి, చేద్దాం," అన్నాడు పెద్దసారు. "లేకుంటె లడ్డూలు పంచి ఇంటికి తోలుత."

లడ్డూలతో సరిపెట్టుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. అభ్యంతరమంతా నా దోస్తుది. బడి మొత్తం వాణ్ణి 'డైలాగ్' అనేది. పోయినేడు ఆ పదకొండు మందికీ రాజు వేషం వేసి చూపించింది వాడే. పది పరీక్షలు ముగిసిన మర్నాడే వాణ్ణి తాను పనిచేసే కోళ్ళఫారంలోనే పనికి పెడతానని వాళ్ళ నాయన అప్పటికే ప్రకటించాడు. అంటే ఊరంతా కూర్చుని తనను చూసే అవకాశం వాడికి ఇదొక్కటే మిగిలింది. "ఒక్కసారి రా," అన్నాడు నాతో, బోరింగు దగ్గర నీళ్ళు కొడుతూ. "నిండిన మైదానంల ఒక్కసారి జేస్త. తర్వాత కోళ్ళకు దాణా ఏసుకుంట నా బతుకు నేను బతుకుత." వాడు మామూలుగా మాట్లాడినా నాటకం మాటల్లాగే ఉండేది.

సరిగ్గా ఆ వారమే మా చిన్నమామ ఊరికొచ్చాడు. షేక్‌పేటలో కిరాయికుంటూ ఇళ్ళకు రంగులేసేవాడు. అన్నం తింటూ మా అమ్మతో, "ఫిల్మ్‌నగర్ గుట్టమీద డైరెక్టర్ ఇంట్ల పన్జేస్తున్ననక్కా. బంగారమసొంటి మనిషి. మమ్ముల గూడ గదే గిలాసల చాయ్ తాగమంటడు," అన్నాడు. మా అమ్మ గిలాస సంగతి విన్నది. నేను డైరెక్టర్ సంగతి విన్నాను. మర్నాడు ప్రార్థనలో, నలుగురు ఉపాధ్యాయుల ఎదుట, సినిమా డైరెక్టర్ గారిని ముఖ్య అతిథిగా తీసుకొస్తున్నామని ప్రకటించాను. బడి ఒక్క నిమిషం నిశ్శబ్దంగా ఉంది. మా బడిలో అది జాతీయగీతానికి కూడా జరగని విషయం.

పిలుపు అందించడానికి పెద్దసారు తెలుగుసారును మాతో పంపాడు. ఆయన వద్దనలేదు, నిజానికి ఆ ఉదయం బస్టాండుకు మాకంటే ముందే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, భుజానికి సంచీ, సంచీలో తాను రాసిన పాటల నోటుబుక్కు. (అది సంచీలో ఉన్నదన్న విషయం మాకు తెలియదని ఆయన అనుకున్నాడు.) జూబ్లీహిల్స్‌లో బస్సు దిగి, ఫిల్మ్‌నగర్ వైపు దిగే వాలులో బండరాళ్ళకూ ప్రహరీలకూ మధ్య నడిచాం. డైలాగ్ ఆగి ఉన్న ప్రతి కారులోకీ తొంగిచూశాడు. నల్లటి అద్దాల్లో వాడికి వాడే కనిపించాడు. అయినా పెద్దగా నిరాశపడినట్టు లేడు.

గేటు దగ్గర చిన్నమామ ఎదురొచ్చాడు, మోచేతుల దాకా మీగడ రంగుతో. "సారుకు చెప్పిన. లోపట్నే ఉన్నడు. జర మెల్లగ మాట్లాడుండ్రి." గోడమీద ఇత్తడి పలక, దానిమీద ఆయన పేరు, పేరు కింద డైరెక్టర్ అని, దాని కింద ఏదో సొల్యూషన్స్ అని ఇంగ్లీషులో ఉంది. సొల్యూషన్స్ అంటే ఏంది సార్ అని అడిగాను. తెలుగుసారు అట్లా పలకవైపు చూసి, "బ్యానర్ పేరురా," అన్నాడు.

డైరెక్టర్ గారు నలభై ఏళ్ళ మనిషి, కళ్ళజోడు, కళ్ళ కింద నల్లటి చారలు. మమ్మల్ని సోఫాలో కూర్చోబెట్టి, "చెప్పండి మాస్టారూ," అన్నారు. మాట కోస్తా వైపుది. మేం విన్న సినిమా మాట కూడా అదే కాబట్టి మా ఆఖరి అనుమానం, అది ఉండి ఉంటే, అక్కడితో పోయింది.

"మీకు తీరిక ఉండదని ఎరుకే సార్," అన్నాడు తెలుగుసారు. "ఇప్పుడేమన్న నడుస్తున్నదా?"

"ఒక ప్రాజెక్టు నడుస్తోందండీ. వచ్చే నెల రిలీజు. మూడు వారాలై సరిగ్గా నిద్ర లేదు."

"రిలీజంటె మాటలా సార్. ఎన్ని సెంటర్లల్ల?"

"రెండండీ. ఇక్కడొకటి, బెంగుళూరులో ఒకటి."

తెలుగుసారు ముఖంలో జాలి కనిపించింది. "చిన్నదైతేంది సార్. కథల దమ్ముంటె సాలు."

"కథ మాదెక్కడిదండీ," అని నవ్వారాయన. "డబ్బు పెట్టేవాడు చెప్తాడు, మేం చేసిపెడతాం. అంతా అయ్యాక, ఇది కాదు నేను అడిగింది అంటాడు. పోయినసారి అట్లాగే మొదటినుంచీ మళ్ళీ చేశాం."

"నిర్మాతల పెత్తనం," అని తెలుగుసారు నిట్టూర్చాడు. "మొత్తం మళ్ళ తీసిన్రంట," అని డైలాగ్ నా చెవిలో గౌరవంగా గొణిగాడు. ఇప్పుడు తలుచుకుంటే, ఆ గదిలో ఒక్క అబద్ధమూ ఎవరూ ఆడలేదు. అంత నిజాయితీగా జరిగిన మోసాన్ని మళ్ళీ ఎక్కడా చూడలేదు.

అప్పుడు డైలాగ్ లేచి నిలబడ్డాడు. ఎవరూ అడగలేదు. మతిమరుపు రాజు గురించి తెలుగుసారు రాసిన ఏకాంకికలో మూడు పేజీల మాటలు, తన కిరీటం ఎక్కడ పెట్టాడో గుర్తుకురాక రాజు మంత్రులందరినీ నిలదీసే ఘట్టం, ఒక్క ఊపిరిలో అప్పగించాడు. నిచ్చెన మీద మామ కుంచె ఆపాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. డైరెక్టర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఎంత గుర్తుందయ్యా నీకు. మావాళ్ళకి వాళ్ళ పాస్‌వర్డే గుర్తుండదు." పాస్‌వర్డ్ ఆయన కొత్త సినిమా పేరని డైలాగ్ తిరుగు ప్రయాణంలో తేల్చాడు. "నేనూ ఇలాంటి బళ్ళోనే చదివానండీ. నన్నెవరూ మళ్ళీ బడికి పిలవలేదు," అన్నారాయన తెలుగుసారుతో. "తప్పకుండా వస్తాను." తెలుగుసారు చేయి ఒకసారి సంచీలోకి వెళ్ళి, ఖాళీగా బయటికొచ్చింది. పాటలు తరువాత చూడవచ్చు అనుకున్నట్టున్నాడు.

ఆ తరువాతి పది రోజులు నా జీవితంలో అధికారం పరాకాష్ఠకు చేరిన రోజులు. ఏనాడూ నా ముఖం చూడని తొమ్మిదో తరగతి అమ్మాయిలు కూడా 'లీడరన్నా, హీరో గూడ వస్తడా' అని అడిగారు. (అన్నా అన్న మాట ఒక్కటే కొంచెం నొప్పించింది.) చుట్టుపక్కల నాలుగు ఊళ్ళకు కబురు పోయింది. డైలాగ్ వాళ్ళ నాయన కోళ్ళఫారం యజమాని దగ్గర సెలవడిగాడు, అదీ తనంతట తానే.

వార్షికోత్సవం నాటి మధ్యాహ్నం చిన్నమామ గుడ్డ బ్యానర్ తీసుకొని దిగాడు. తెలుగుసారు రాసిచ్చిన కాగితం చూసి మామే ఎర్ర రంగుతో రాశాడు. 'ప్రముఖ సినీ దర్శకులకు స్వాగతం' అని, కింద డైరెక్టర్ గారి పేరు. నేనూ మామా దాన్ని గేటుకు కట్టాం. కట్టడం అయ్యాక మామ నాలుగడుగులు వెనక్కి వేసి, చేసిన పనిని మెచ్చుకుంటూ చూసి, అప్పుడు దాన్ని చదివాడు.

"అరే, సిన్మా డైరెక్టరని ఎవరు జెప్పిన్రురా నీకు?"

"నువ్వే గద మామా."

"నేను డైరెక్టరన్న. సిన్మా అన్ననా? ఆయనది కంప్యూటర్ల కంపెనీ. దానికి డైరెక్టరు."

కాళ్ళకింద నేల ఉందో లేదో ఒకసారి చూసుకున్నాను. ఉంది. "మరి నీ చేతుల్తోని నువ్వే రాస్తివి గద, సినీ దర్శకులని?"

"రాసుడు నా పని. సదువుడు కాదు," అన్నాడు మామ, కాస్త నొచ్చుకుని.

అప్పటికే రెండు ట్రాక్టర్లు వచ్చేశాయి. మైదానంలో చాపలు నిండి, జనం ప్రహరీ మీదికి ఎక్కుతున్నారు. నిజం చెబితే పెద్దసారు నన్నేం చేస్తాడన్న భయం ఒక పాలు, ఈ జనం లేచిపోతే డైలాగ్ మళ్ళీ ఆ పదకొండు మందికే రాజుగా మిగులుతాడన్న దిగులు మూడు పాళ్ళు. తెలుగుసారు దగ్గరికి పోయి చెప్పాను. ఆయన సంచీలోంచి నోటుబుక్కు తీసి, ఆఫీసు బీరువాలో హాజరుపట్టీల కింద పెట్టి తాళం వేశాడు. "నాటకం అయ్యేదాంక ఎవ్వరికి చెప్పకు," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. నాకే చూడబుద్ధి కాలేదు.

కొద్దిసేపటికి ఒక కారు వచ్చి గేటు దగ్గర ఆగింది. డైరెక్టర్ గారు దిగి, బ్యానర్‌ను పైనుంచి కిందికి చదివారు. మళ్ళీ ఇంకోసారి చదివారు. తరువాత, దండ పట్టుకొని ఉన్న నన్ను చూశారు.

"ఇది నా గురించేనా బాబూ?"

"తప్పయింది సార్. డైరెక్టరంటె మాకు ఒకటే ఎరుక."

"ఇప్పుడు అసలు సంగతి చెప్తే ఏమవుతుంది?"

"జనం లేస్తరు సార్. వాని నాటకం ఎవ్వరు జూడరు."

"ఆ రాజుదా?"

తల ఊపాను. ఆయన మైదానం వైపు, గోడమీది జనం వైపు చూసి, దండలో తలదూర్చారు. "అబద్ధం చెప్పనయ్యా. అడిగినదానికి మాత్రమే చెప్తాను."

అన్నమాట నిలబెట్టుకున్నారు. వేదిక మీద, "నేను డైరెక్టర్ని. నా కింద రెండొందల మంది పనిచేస్తారు, ప్రతివాడూ నేనే హీరోనని అనుకుంటాడు," అన్నారు. మైదానం హోరెత్తిపోయింది. ముందు వరుసలోంచి ఒక ముసలాయన లేచి, "సారూ, వచ్చేది ఫైటింగులదా, ఏడిపించేదా?" అని అడిగాడు. "మాకు రోజూ ఫైటింగేనండీ. చివర్లో ఏడుపు," అన్నారాయన. పేరేంది అని ఇంకొకరు అరిచారు. "ఇంకా పెట్టలేదండీ." ప్రసంగం అయిదు నిమిషాల్లో ముగించి, "నేనొచ్చింది మాట్లాడ్డానికి కాదు, నాటకం చూడ్డానికి," అని కిందికి దిగి, జనంతో పాటు చాపమీద కూర్చున్నారు. ఆయన కూర్చున్నాక లేచిపోయే ధైర్యం నాలుగు ఊళ్ళలో ఎవరికీ లేదు.

డైలాగ్ ఆ సాయంత్రం ఎట్లా చేశాడో రాయడం నాకు చేతకాదు. కిరీటం ఏదని వాడు గద్దించినప్పుడు రెండో వరుసలో ఒకామె తన కొంగు కింద వెతికి చూసుకుంది. అంతకన్నా ఏం చెప్పను. వాళ్ళ నాయన ఆ చివర నిలబడి, నవ్వాలో వద్దో తెలియనివాడిలా చుట్టూ జనాన్ని చూస్తూ ఉన్నాడు.

నాటకం అయ్యాక, ముఖాన రంగుతోనే వాడు డైరెక్టర్ గారి దగ్గరికి పోయాడు. నేనూ వెంట పోయాను, పోకుండా ఉండాలని ఉన్నా. "సార్, నాకు ఛాన్స్ ఇస్తరా?" అని అడిగాడు. అడిగినదానికి చెప్తానన్న మనిషి. వాణ్ణి భుజం పట్టుకొని కారు పక్కకు తీసుకెళ్ళి, ఉన్నదున్నట్టు చెప్పారు. తనది సినిమా కాదనీ, సినిమావాళ్ళెవరూ తెలియదనీ, ఫిల్మ్‌నగర్‌లో ఇల్లు దొరికింది కాబట్టి అక్కడుంటున్నాననీ. డైలాగ్ కిరీటం తీసి చేత్తో పట్టుకొని విన్నాడు. నావైపు ఒక్కసారే చూశాడు. ఆ చూపుకు నేను అర్హుణ్ణే.

"మీరు డైరెక్టరన్నదైతే నిజమే గద సార్?"

"అవునయ్యా."

"నా యాక్టింగ్ ఎట్లున్నది?"

"చాలా బావుంది. కళ్ళలో నీళ్ళొచ్చాయి."

"సాలు సార్," అన్నాడు వాడు, మామూలు మనిషి మాట్లాడినట్టు. వాడు అట్లా మాట్లాడగా వినడం నాకు అదే మొదటిసారి.

ఇప్పుడు నేను షేక్‌పేటలోనే ఉంటాను. తెలుగులో డిగ్రీ చేసినందుకు ఒక కంపెనీలో కంప్యూటర్ తెరమీది ఇంగ్లీషు మాటలకు తెలుగు మాటలు వెతికే ఉద్యోగమిచ్చారు. దాన్ని సమాజసేవగా భావిస్తూ జీతం తీసుకుంటాను. డైలాగ్‌కు ఇప్పుడు సొంతంగా రెండు షెడ్ల కోళ్ళున్నాయి. ఎప్పుడన్నా ఊరికి పోతే, తన పిల్లల ముందు ఆ సాయంత్రం సంగతి ఎత్తుతాడు. నిండిన మైదానం, కొంగు కింద వెతుక్కున్న ఆమె, అన్నీ చెప్పి, "ఆఖరికి డైరెక్టరే నా భుజం మీద చెయ్యేసి, కండ్లల్ల నీళ్ళొచ్చినయి అన్నడు," అంటాడు. అందులో ఒక్క అక్షరం తప్పు లేదు. ఏం డైరెక్టర్ అని ఆ పిల్లలు అడగరు. అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాలని ఆ పూట నేను గట్టిగా అనుకున్నాను, ఆ నిర్ణయం మీద ఇప్పటికీ ఉన్నాను. వాళ్ళు అడుగుతారేమోనని, ఆ మాట రాగానే చాయ్ గిలాస తీసుకొని మెల్లగా కోళ్ళ షెడ్డు వైపు నడుస్తాను.