వడపోత గొట్టానికి మార్కులు

ఎమ్మిగనూరులో నాకు సైన్సు చెప్పిన టీచరమ్మ మొన్న పొద్దున పోయారు. "మీ టీచరమ్మ పోయినాదప్పా" అని ఆమె భర్త ఫోన్ చేశారు. "సరే సార్" అన్నాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

రిటైరయ్యాక ఆమె కిడ్నీలు దెబ్బతిన్నాయి. బస్సెక్కి ఆదోనికి పోయి డయాలసిస్ చేయించుకునేవారు. కడుపులో పుండు ఉండడంతో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు ఆమెకు పడదు. అది లేకపోతే, రక్తాన్ని శుభ్రం చేసే వడపోత గొట్టంలోని సన్నటి ప్లాస్టిక్ పోగులకు రక్తం అంటుకుని గడ్డకడుతుంది. గడ్డకడితే ఆ రక్తం పోయినట్టే. ఆమెకు అసలే రక్తం తక్కువ.

ఆ పోగుల లోపల పలచటి పూత పూసి, రక్తం అంటుకోకుండా చేయడమే ల్యాబులో నా పని. ఊరికి వచ్చినప్పుడల్లా ఆమెకు తోడుగా వెళ్ళేవాణ్ణి. డయాలసిస్ అయ్యాక గొట్టాన్ని పారేయనిచ్చేవారు కాదు. కళ్ళద్దాలు పెట్టుకుని వెలుతురుకేసి చూసేవారు. పోగులు తెల్లగా ఉంటే ఎక్కువ మార్కులు, ఎర్ర చారలుంటే తక్కువ. "ఈ పొద్దు పదికి నాలుగేలే. గట్టెక్కల్యా" అనేవారు. పక్క మంచాలవాళ్ళు కూడా తమ గొట్టాలు చూపించి మార్కులు అడిగేవారు. బడిలో లాగే ఒక్క మార్కు ఊరికే కలిపేవారు కాదు.

"నీ పూత యాడిదాంకా వచ్చెనప్పా?" అని అడిగారొకసారి.

"పూత మందమై పోగులకుండే సన్న రంధ్రాలు పూడినాయి టీచర్. రక్తమైతే అంటల్యా గానీ, మలినం కూడా బయటికి పోల్యా."

"ఇల్లు ఊడ్చమంటే తలుపేసి వచ్చినావు" అని పగలబడి నవ్వారు.

ఈ మధ్యే పలచగా పూయడం కుదిరింది. చెప్పగానే ఆమె ముఖం వెలిగింది. "అయితే నాకు పెట్టప్పా, నాకేం భయం?"

"మనుషులకు పెట్టేముందు ఇంకా శానా పరీక్షలుండాయి టీచర్."

"నిజమేలే. పరీక్ష ల్యాకుండా పాస్ చెయ్యమని నేనెట్ల అడుగుతా" అన్నారు. ఆమె కోప్పడి ఉంటే బాగుండేది.

మొన్న ఫోన్ వచ్చాక నేను వెళ్ళేసరికి ఆమెను చాప మీద పడుకోబెట్టారు. డయాలసిస్ సూదుల కోసం ఆమె ఎడమచేతిలో రక్తనాళాలను ఎప్పుడో కలిపి కుట్టారు. అక్కడ రక్తం జోరుగా పారేది, వేలు పెడితే సన్నగా అదురు తెలిసేది. పక్కన కూర్చున్నప్పుడల్లా దాన్ని ముట్టి చూడడం నాకు అలవాటు. ఆ రోజూ వేళ్ళు పెట్టాను.

"లెయ్యప్పా, స్నానం చేయించల్ల" అన్నారెవరో.

ఇంకొంచెం గట్టిగా అదిమి చూశాను.