మొయ్ నోటులో నా కూడిక

పోయినవాటి లెక్క ముందు చెబుతాను: అమ్మ చెవికమ్మలు ఒక జత, కుట్టుమిషనుకిచ్చిన బయానా వంద రూపాయలు, ఆరు నెలల పాలు, ఒక దీపావళికి మాకు రావలసిన కొత్త పావడాలు, నా కూడిక మీద నాన్నకున్న నమ్మకం. నిన్న బోడినాయకనూరులో ఒక పెళ్లికి వెయ్యి రూపాయల మొయ్ చదివించి వచ్చాను. కంప్యూటరు ముందు కూర్చున్నామె ఇచ్చిన రసీదు, నేను కొన్న ఏలకుల పక్కనే సంచిలో ఉండి, కోయంబత్తూరు చేరేసరికి ఆ వాసన పట్టింది. ఆ వాసనకే ఇదంతా గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు ఆ బోడిలోనే ఏలకులు ఏరే కొట్టంలో అమ్మకు పని, జీపు తోలడం నాన్నకు పని. శనివారం కూలి రాగానే అమ్మ బియ్యం డబ్బా, కిరసనాయిలు డబ్బా, వైద్యం డబ్బా, చివరగా కుట్టుమిషను కోసం దాచే మిషను డబ్బా తెరిచి పంచేది. చీర కొంగు నిండా ఏలకుల వాసన, వేళ్ల సందుల్లో పచ్చటి పొట్టు. పెళ్లిళ్ల నెల ఆవణి వచ్చిందంటే పసుపు పూసిన పత్రికలు గుమ్మంలో పడేవి. పెళ్లో పేరంటమో, విశేషం ఎవరింట జరిగినా మొయ్ వెయ్యాలి, వాళ్లు పేరూ మొత్తమూ నోటు పుస్తకంలో రాసుకుంటారు, మన ఇంట విశేషమైన రోజు తెచ్చి తిరిగి వేస్తారు. మాకు పాయసమూ వడలూ, అమ్మకు ఖాళీ అయిన మిషను డబ్బా.

ఆరేళ్లు వేసీ వేసీ, నాన్న మా చెల్లెలికి చెవులు కుట్టించి అంతా తిరిగి రాబట్టుకుందామన్నాడు. బడిలో లెక్కలు నాకే ముందు వచ్చేవి కనుక తాను వేసినవన్నీ రాసుకున్న నోటు నాకిచ్చాడు.

"కూడు పాపా, ఎంత వస్తాదో చూస్తాం."

"రెండువేల నూట అరవై, నాయనా."

"చూస్తివా? విందుకు పదిహేనునూర్లు పోనీ, మిగిలిందాంట్లో నీ మిషను వచ్చేస్తాది."

"నోటుకేం మామా, అది ఎంతైనా చెప్తాది," అంది అమ్మ. అయినా మర్నాడే ఆరువందల పాత మిషనుకు బయానా ఇచ్చి వచ్చింది.

విందుకు ఊరంతా వచ్చింది. మొయ్ పళ్లెంలో పడింది మాత్రం వెయ్యిన్నొక్క రూపాయి. రెండోసారి పాయసం పోయించుకుంటున్న మా పెద్దత్తను నాన్న నిలదీస్తే ఆమె ఆకు మీంచి తల కూడా ఎత్తలేదు.

"మీ పెండ్లికి నేనేస్తిని, నా కొడుకు పెండ్లికి నువ్వేస్తివి. కణక్కు తీరిపాయె కదరా! మళ్లీ దేనికి ఏయల్ల?"

ఆమె లెక్క నిజమే. నేను కూడినదాంట్లో సగానికి పైగా, నాన్న తన పెళ్లినాటి మొయ్‌ను తిరిగి తీర్చినదే. ఆ పెళ్లి నోటు పెదనాన్న పెట్టెలో ఉంది. అడిగి తెచ్చి రెండూ పక్కపక్కన పెట్టాలని పెద్దవాళ్లకూ తోచలేదు, నాకూ తోచలేదు. తక్కువపడిన నాలుగు వందల తొంభై తొమ్మిదికి అమ్మ కమ్మలు, అవి చాలక మా పాలూ పావడాలూ పోయాయి. చెల్లెలి చెవులకు బంగారు తీగ, అమ్మ చెవులకు వేపపుల్లలు. మిషను రాలేదు; అమ్మ ఇంకో పంతొమ్మిదేళ్లు ఏలకులు ఏరింది.

ఆ కొట్టం ఇప్పుడు లేదు, డబ్బాలు లేవు, పెద్దత్తా లేదు. మొయ్ మాత్రం ఉంది. ఒకటో తారీకున నా ఇంటి ఖర్చులో పాలకంటే ముందు దాన్నే రాస్తున్నాను, రాసిన ప్రతిసారీ ఒళ్లు మండుతుంది. కమ్మలు చేయిస్తానంటే అమ్మ వినదు. ఆమె బాధ వేరే. ఆనాటి పళ్లెంలో మాకు బాకీ లేకుండా మొయ్ వేసినది ఒక్కతే, కొట్టంలో అమ్మ పక్కన కూర్చుని ఏరిన రోసమ్మక్క. పెళ్లి చేసుకోలేదు, ఇంట విశేషం ఏదీ జరగలేదు. పొల్లాచ్చిలో ఉందని తెలిసి పోయినేడు అమ్మను తీసుకెళ్తే, అమ్మ ఇవ్వబోయిన మొయ్ కవరు చూసి నవ్వింది.

"విశేషం లేక మొయ్యా వదినా? నేను పోయినాక వచ్చి ఏసిపో."

నిన్న నా రసీదు చూసి అమ్మ విసురుగా పక్కన పెట్టింది. "వెయ్యి ఏసి వచ్చినావు, సరి. రోసమ్మది ఎప్పుడు తీరుస్తావు?"

ఆనాడు రోసమ్మక్క వేసింది ఇరవై ఒక్క రూపాయలు.