వెళ్ళొస్తానని చెప్పాలి

ఐర్లండ్‌లోని కిల్కెన్నీలో గిరిజాకుమారి గారి గుమ్మం దాటేటప్పుడు ఎవరూ "వెళ్తున్నాను" అనకూడదు. అన్నవాళ్ళు మళ్ళీ లోపలికి రావాలి, కూర్చోవాలి, మంచినీళ్ళు తాగాలి, "వెళ్ళొస్తాను" అని చెప్పి బయల్దేరాలి. సింకు బాగుచెయ్యడానికి వచ్చిన ఐరిష్ ప్లంబరు చేత కూడా ఆ మాట అనిపించారు. సింకు మళ్ళీ కారడంతో అతను మర్నాడే తిరిగొచ్చాడు. అది తన మాట మహిమ అంటారావిడ. భర్త అనంతరామ్ గారు ఆస్పత్రిలో పెద్ద డాక్టరు. ఇంట్లో ఆయన మాటకు అంత మహిమ లేదు.

శనివారాలు చర్చి హాల్లో మా భజన. హాలు ఇప్పించింది విక్టర్ ఫాదర్, గుంటూరువారు. గిరిజాకుమారి గారి గొంతు గురించి నేనేమీ చెప్పను. మైకు మాత్రం ఆవిడ ఎవరికీ ఇవ్వరు.

కరీంనగర్ అమ్మాయి నవీన ఆ భజనకే వచ్చేది. తను పనిచేసే వృద్ధుల కేర్ హోమ్ మూతపడి వర్క్ పర్మిట్ పోయింది, దేశం విడిచి వెళ్ళాలని ఉత్తర్వు వచ్చింది. రద్దు చెయ్యమని అందరం కలిసి లాయరు చేత అర్జీ పెట్టించాం. జవాబు వచ్చేదాకా, పిలిచినప్పుడల్లా గార్డుల స్టేషనుకు వెళ్ళి సంతకం పెట్టాలి. గార్డులంటే ఇక్కడి పోలీసులు. అటునుంచి అటే విమానం ఎక్కించేస్తే బళ్ళో ఉన్న కొడుకు ఏమవుతాడోనని ఆమె భయం. ఆ బెంగతో అన్నం కూడా సహించేది కాదు.

మొదటిసారి స్టేషనుకు బయల్దేరుతూ, "పోతున్న ఆంటీ," అంది గిరిజాకుమారి గారి గుమ్మంలో.

"పోతున్న ఏంటమ్మా? లోపలికి రా. నీళ్ళు తాగు. పోయొస్త అను."

"వాళ్ళు రానియ్యకపోతే?"

"ఎందుకు రానివ్వరో నేనూ చూస్తా. పద."

అప్పట్నుంచి ప్రతిసారీ భజన బృందమంతా స్టేషనుకు ప్రయాణం. "ఆ తెల్ల కాలరు మర్చిపోకండి, దాన్ని చూస్తే వాళ్ళు కుర్చీ వేస్తారు," అని ఫాదర్‌కు ఆజ్ఞ. పులిహోర డబ్బా మొయ్యడం నా వంతు. సంతకం ఎవరిదని గార్డు అడిగితే, "ఈ అమ్మాయిదే, మేమంతా ఇంటివాళ్ళం," అని ఆవిడ ఇంగ్లీషులో చెప్పి, బెంచీ మీద కూర్చుని కూనిరాగం అందుకునేవారు. నవీన పని త్వరగా తెమిలిస్తేనే ఆ రాగం ఆగుతుందని గార్డుకు రెండోసారికే తెలిసిపోయింది. నాకు నవ్వు ఆగేది కాదు. నవీనను లోపలి గదిలోకి పిలిచినప్పుడు మాత్రం ఆవిడ పాడుతూనే నా చెయ్యి గట్టిగా పట్టుకునేవారు. అప్పుడు నాకూ భయం వేసేది.

మొన్న ఏప్రిల్లో ఉత్తర్వు రద్దయింది. ఇక సంతకాలకు రానక్కర్లేదని, "యూ ఆర్ గ్రాండ్ నౌ," అని ఆ గార్డే చెప్పాడు. నవీన ఏడ్చింది, ఫాదర్ ఏడ్చారు, నేనూ ఏడ్చాను.

స్టేషను తలుపు దగ్గర నవీన అలవాటుగా వెనక్కి తిరిగి, "పోయొస్త సార్," అని దణ్ణం పెట్టింది.

గిరిజాకుమారి గారు ఆమె భుజం పట్టుకుని వెనక్కి నడిపించుకొచ్చారు. బెంచీ మీద కూర్చోబెట్టారు, సీసాలో నీళ్ళు తాగించారు.

"ఇప్పుడు చెప్పు," అన్నారు. "పోతున్న అను."