సీటు బెల్టు చలానుతో కరీంనగర్ దాకా

నా కొడుకు రమేశ్ కామెర్లతో చనిపోయి రెండు నెలలైంది. వాడు సొంత కారు కిరాయికి నడిపేవాడు. ఇప్పుడు దాన్ని మా తమ్ముడు నడుపుతున్నాడు, ఆ సంపాదన మీదే ఇల్లు గడుస్తోంది. శనివారంతో కారు బీమా అయిపోతుంది. అది నా పేరు మీదికి మారాలంటే కరీంనగర్ ఆఫీసుకే రావాలని ఫోనులో చెప్పారు. నేను చదివింది అయిదో తరగతే. నాలాగా తిరగాల్సిన వాళ్లు ఇంకా ఉంటారని ఇది రాస్తున్నాను.

మందమర్రిలో పొద్దున ఆరుంబావుకు బస్సెక్కి మంచిర్యాలలో దిగాను. అక్కడి నుంచి గోదావరిఖని, పెద్దపల్లి మీదుగా ఇంకో బస్సు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ పైసలు లేవు. పదింటికి కరీంనగర్ బస్టాండు బయట ఆటో మాట్లాడాను, నలభై రూపాయలు. ఎక్కడికో చెప్పగానే ఆటో ఆయన నవ్వాడు. "ఇన్సూరెన్స్ ఆఫీసుకా అక్కా? పైసలు తీసుకునేటప్పుడు కుర్చీ ఏస్తరు, ఇచ్చేటప్పుడు నిలవెడ్తరు." నేను కట్టడానికే పోయాను. అయినా గంటన్నర నిలబెట్టారు.

కౌంటరులో ఉన్న పిల్లవాడికి నా కొడుకు వయసే ఉంటుంది. మరణ పత్రం, ఆర్‌సీ, పాత బీమా కాగితం అన్నీ ఇచ్చాను. కంప్యూటర్ చూసి, పోయినేడు ఇచ్చిన డిస్కౌంట్ ఈసారి రాదని, రెండు వేల ఎనిమిది వందలు ఎక్కువ కట్టాలని అన్నాడు. బండి మీద స్పీడుకు ఒకటి, సీటు బెల్టుకు ఒకటి చలాన్లున్నాయట. అట్లాంటి డ్రైవర్లకు వాళ్ల కంపెనీ ధర పెంచుతుందట.

"మీ కొడుకు జర ర్యాష్‌గ నడిపేటోడేమో అమ్మా" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఎనిమిదేళ్లు నడిపాడు నా కొడుకు. బెల్టు పెట్టుకోకపోతే కన్నతల్లినైనా దింపేస్తాననేవాడు. ఫోటో చూపించమన్నాను. తెర నా వైపు తిప్పాడు.

అది ధర్మపురి రోడ్డు. స్టీరింగ్ దగ్గర మా తమ్ముడు. పక్క సీట్లో మా ఆయన, బెల్టు లేదు, ఒళ్లో ఎర్రబట్ట కట్టిన కుండ. అస్థికలు గోదావరిలో కలిపే దాకా ఆ కుండను మాలో కింద పెట్టరు. రెండు చేతులా పొట్టకు ఆనించి పట్టుకున్న మనిషి బెల్టు ఎట్లా పెట్టుకుంటాడు? అయ్యగారు చెప్పిన వేళ దాటుతుందని మా తమ్ముడు తొందరపడ్డాడు, స్పీడు చలానూ ఆ దినందే. అది తప్పే. కానీ ఆ తప్పు మాది.

"తారీఖు చూడు బిడ్డా" అన్నాను. "నా కొడుకు పోయిన మూడో దినం గది. వాడు బండి నడుపుతలేడు. గా కుండల ఉన్నడు."

అతను తారీఖు చూశాడు. లోపలికి పోయి మేనేజరును అడిగి వచ్చాడు. "సిస్టం బండి నంబరే చూస్తదమ్మా. ఎవరు నడిపిండ్రో చూడది" అన్నాడు, తల ఎత్తకుండా.

డబ్బు కట్టాను, కట్టక తప్పదు. కానీ సంతకానికి ఇచ్చిన కాగితంలో నా కొడుకు పేరు పక్కన 'డ్రైవింగ్ రికార్డు బాగాలేదు' అని ఉంది. అట్లా ఉంటే సంతకం పెట్టనన్నాను. వెనక లైనంతా గొణిగింది. నేను కదలలేదు. ఒంటిగంటకు మేనేజరే బయటికి వచ్చి, ఈ చలాన్ల నాటికి యజమాని బతికి లేరని పెన్నుతో రాసి ముద్ర వేశాడు. రూపాయి తగ్గలేదు.

తప్పు చేస్తే జరిమానా వేయండి, కడతాం. నడిపిందెవరో చూడకుండా, చనిపోయినవాడిని చెడ్డ డ్రైవరని రాసి, ఆ రాతకు వాడి తల్లి దగ్గరే ధర వసూలు చేయడం ఏం న్యాయం? తిరుగు బస్సులో ఆ పెన్ను రాత కూడబలుక్కుంటూ మూడుసార్లు చదివాను. నాలాగా తిరిగేవాళ్లకు ఒక్క మాట: బీమా ఆఫీసుకు పోకముందే బండి మీదున్న చలాన్లన్నీ ఫోటోలతో సహా తీయించుకోండి, తారీఖులు చూసుకోండి. చనిపోయిన మీ వాళ్ల గురించి ఎవరైనా ఒక మాట అంటే, జవాబు చెప్పడానికి వాళ్లు ఉండరు. మీరే చెప్పాలి.