రెండు పెట్టెల బండి, నాలుగు నిమ్మకాయలు

ఈ బండిని ఎవరు చేశారని అడిగినవాళ్ళు ఒక్కరు కూడా నా మొహం చూసి అడగలేదు. నా పక్కన నిలబడ్డ మా ఆయన మొహం చూసి అడిగారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు మీద నా కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

బండి అంటే పెద్దదేం కాదు. రెండు చెప్పుల డబ్బాలు ఒకదాని వెనక ఒకటి పెడితే ఎంతుంటుందో అంత. చక్రాల మీద కాకుండా పట్టీల మీద నడుస్తుంది. రోడ్డు తవ్వే పొక్లెయినుకు ఉంటాయే, అలాంటివి, ముందు పెట్టెకు రెండు, వెనక పెట్టెకు రెండు. పెట్టెల మధ్య నడుం ఉంది. మామూలు పట్టీల బండి ఒక పక్క ఆపి ఇంకో పక్క నడిపితే నేలను గీరుకుంటూ తిరుగుతుంది. ఇది అలా కాదు. నాలుగు పట్టీలూ ఒకే వేగంతో నడుస్తూ ఉంటే నడుం మెల్లగా వంగి, గొంగళిపురుగు మళ్ళినట్టు మళ్ళుతుంది. మంచు దేశాల్లో మనుషుల్ని మోసే ఇలాంటి పెద్ద బండ్లను ఫోన్లో చూసినప్పటి నుంచి నాకు కూర్చున్నా అదే ధ్యాస, నిలబడినా అదే ధ్యాస.

నేను బెంగళూరు పీణ్యలో ఒక చిన్న ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీస్తాను. మేం తయారుచేసేవి కన్వేయర్లు, అంటే సరుకును మోసుకుపోయే బెల్టులు. అక్కడ పారేసే బెల్టు ముక్కలు తెచ్చి, సన్నగా కోసి, సైకిలు చెయినుకు వరసగా బిగిస్తే పట్టీలయ్యాయి. చిన్న మోటార్లు, నడిపే రిమోట్ మాత్రం కొన్నాను. బట్టలారేసే బాల్కనీలో, కారుతున్న చీరల కింద కూర్చుని చేశాను. నడుముకు మొదట తలుపుకు వేసే బందు ఒకటి పెట్టాను. పక్కలకు బాగానే వంగింది గానీ, వంటింటి గడప దగ్గర ముందు పెట్టె ఎక్కగానే వెనక పెట్టె గాల్లో వేలాడింది. చాలా రోజులు తల పట్టుకున్నాక తట్టింది, బందులు రెండుండాలని. ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా. అప్పుడు పక్కలకూ వంగుతుంది, పైకీ కిందికీ వంగుతుంది. ఆ బండి గడప ఎక్కి, నడుం విరుచుకుని, అవతల దిగిన పొద్దు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా ఆయన హాల్లోంచి తొంగి చూసి, బాగుంది, కాఫీ ఉందా అన్నాడు.

దీంతో ఏం ఉపయోగం అని బంధువులు అడిగేవారు. వాళ్ళ ఇళ్ళలో గోడకు వేలాడదీసిన గిటారుతో ఏం ఉపయోగమో ఎవ్వరూ అడగరు. యాభై ఏళ్ళ ఆడది మోటార్లు ముందేసుకుని కూర్చుంటే మాత్రం లోకానికి లెక్క కావాలి.

అది మా ఆయనది ఎలా అయిందో చెప్తాను. ఒక ఆదివారం నున్నటి ర్యాంపు మీద నడిపి చూద్దామని అపార్టుమెంటు బేస్‌మెంటుకు దిగాం. బరువుగా ఉందని ఆయన ఎత్తుకున్నాడు. అంతే, ఎవరి చేతుల్లో ఉంటే వాళ్ళదైపోయింది. మా అసోసియేషన్ సెక్రటరీ తాతల కాలం నుంచీ బెంగళూరులో ఉన్న తెలుగాయన. ఎదురొచ్చి, "భలే చేసినారు సార్, ఎన్ని దినాలు పట్టింది?" అన్నాడు.

"నేను చేసింది," అన్నాను.

"ఔనమ్మా, ఇంట్లో ఇద్దరూ ఒకటై ఉంటేనే కదా ఏ పనైనా అయ్యేది," అని నన్ను మెచ్చుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో బండి ఫోటో, కింద 'మన మూడో అంతస్తు సార్ ప్రతిభ' అని. బొటనవేళ్ళు, పూలగుత్తులు. మా ఆయన తిరిగి దండం బొమ్మ పెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఎవరు చేస్తే ఏముందే, మన ఇంటిదే కదా," అన్నాడు.

"అయితే ఆఫీసులో మీరు చేసే పనికి నా పేరు పెట్టండి. అదీ మన ఇంటిదే."

"అది వేరే."

ఎట్లా వేరో ఇంతవరకూ చెప్పలేదు.

ఆయుధ పూజ వచ్చింది. ఈసారి కార్లకంటే ముందు 'సార్ బండి' నిమ్మకాయలు తొక్కి ర్యాంపు ఎక్కుతుందని సెక్రటరీ ప్రకటించాడు. ముందురోజు మా ఆయనకు గట్టిగానే చెప్పాను. "రేపు అందరి ముందూ మీ నోటితో మీరే చెప్పాలి. నేను చెప్తే ఎవరి చెవికీ ఎక్కడం లేదు." చూద్దాంలే అన్నాడు. ఆ చూద్దాం నాకు బాగా తెలుసు. మా గీజరు ఎన్ని చలికాలాలు ఆ చూద్దాంలో చల్లగా ఉండిపోయిందో.

బేస్‌మెంటులో దేవి పటం ముందు పనిముట్లన్నీ కుప్పగా పెట్టారు. ఎలక్ట్రీషియన్ సంచి, ప్లంబర్ రెంచీలు, వాచ్‌మన్ టార్చి, అన్నిటికీ విభూతి, కుంకుమ, చేమంతులు. మర్నాడు పూజ కదిపేదాకా వాటిని ముట్టుకోకూడదు. మా ఆయన కూడా తన టూల్‌సెట్టు తెచ్చి పెట్టాడు. ఎవరో బహుమతిగా ఇచ్చింది, పైన చుట్టిన ప్లాస్టిక్కు కాగితం కూడా చింపలేదు, దానికి బొట్టు. బండిని పుట్టించిన నా సామాను పాత టిఫిన్ సంచిలో నా భుజానికే వేలాడుతూ ఉంది. దాన్నీ అక్కడ పెట్టమనాలని ఎవ్వరికీ తోచలేదు.

సెక్రటరీ నాలుగు నిమ్మకాయలు తెచ్చి, ఒక్కో పట్టీ కింద ఒక్కోటి దూర్చాడు.

"వద్దు," అన్నాను. "కారైతే తొక్కేస్తుంది. దీనికి అంత బరువు లేదు. కాయ లోపలికి పోయి పళ్ళచక్రంలో పడుతుంది."

"ఏం కాదమ్మా. శాస్త్రం ఉండాది కదా, తొక్కల్ల," అని రిమోట్ మా ఆయన చేతిలో పెట్టాడు.

ఆయన నన్ను చూడకుండా మీట నొక్కాడు. బండి జానెడు కదిలింది. కర్రుమంది. ముందు పెట్టె కుడి పట్టీ ఊడి పక్కకు పడింది. వెనక పట్టీ ఒకటి సగం నలిగిన నిమ్మకాయను మింగి బిగుసుకుపోయింది. కార్ల పక్కన పిల్లాపెద్దా బొరుగుల పొట్లాలు పట్టుకుని చూస్తున్నారు.

"ఏం పర్వాలేదు, సార్ సరిచేస్తారు," అంటూ సెక్రటరీ ఎలక్ట్రీషియన్ సంచి మీదికి వంగాడు. కుంకుమ చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ప్లంబర్ రెంచీ వైపు చూశాడు. దానికీ బొట్టే. అక్కడున్న ఏ పనిముట్టూ ఆ రోజు పనికి రాదు.

మా ఆయన వంగి కూర్చుని బండిని తిరగేశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మెల్లగా నా వైపు వంగి, "ఏది విప్పాల?" అన్నాడు.

"చేసినవాళ్ళకు తెలిసుంటుంది," అన్నాను. నేను కదలలేదు. కదలకూడదని పళ్ళు బిగించుకున్నాను. నా బండి అట్లా వెల్లకిలా పడి ఉంటే నా చేతులు ఊరుకోవడం నాకే కష్టమైంది.

ఆయన లేచి నిలబడి మోకాళ్ళు దులుపుకున్నాడు. "ఇది నేను చేసింది కాదప్పా. ఈమె చేసింది," అన్నాడు.

"సార్ పక్కనుండి నేర్పిచ్చింటారులే," అన్నాడు సెక్రటరీ.

"లేదు. నాకు మేకు కొట్టేకి కూడా రాదు. నాది నాది అని మీరంటా ఉంటే ఊరకుండిపోయినాను. అది తప్పే," అన్నాడు ఆయన. చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు గానీ జనం మొహాలు నా వైపు తిరగలేదు.

నేను చాప లేకుండానే నేల మీద కూర్చుని, టిఫిన్ సంచిలోంచి సన్నమూతి ప్లయర్ తీశాను. చెయిన్ పిన్ను లాగి, తొక్క తీసి, పట్టీ ఎక్కించి, మళ్ళీ పిన్ను బిగించాను. చీరంతా నిమ్మరసం. రిమోట్ నేనే తీసుకున్నాను. బండి నడుం వంచి స్తంభాన్ని చుట్టుకుని వచ్చి, ర్యాంపు ఎక్కి, ఎండలోకి పోయింది.

సెక్రటరీ కుంకుమ భరిణె పట్టుకుని నా ముందుకొచ్చాడు. పాపం, సర్దుకోవాలని చూశాడు. "ఆ ప్లయర్ ఇట్లా ఇయ్యమ్మా, దానికీ బొట్టు పెడతాము."

"బొట్టు పెడితే రేపటిదాకా ముట్టకూడదంటిరి కదప్పా. నాకు పనుండాది," అని దాన్ని సంచిలో వేసుకుని బండి వెనకే నడిచాను.