ఉత్తరాన ఖాళీ జాగా

2021 వేసవి. కరీంనగర్ వైపు, ఇంటింటా సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిచే ఒక చిన్న పట్టణం. అక్కడి మున్సిపాలిటీలో టౌన్ ప్లానింగ్ విభాగంలో నా ఉద్యోగం. ఇళ్ల ప్లాన్లు పరిశీలించి, స్థలం చూసి, రిపోర్టు రాయాలి. అప్పుడు నేను ఏడో నెల గర్భిణిని.

పెంకుటిళ్ల మధ్య అపార్ట్‌మెంట్లు లేవడం అప్పుడే మొదలైంది. అలాంటి చోట మేము ముందు చూసేది సెట్‌బ్యాక్. కొత్త భవనం హద్దు నుంచి ఎంత జాగా వదిలి కట్టాలన్న లెక్క అది. పక్కన కాపురమున్న ఇల్లుంటే, సెల్లార్ తవ్వే ముందే మట్టి జారకుండా అడ్డుగోడ కూడా కట్టించాలి.

ఐదంతస్తుల ప్లాన్ ఒకటి వచ్చింది. అందులో ఉత్తరం వైపు ‘ఖాళీ జాగా’ అని ఉంది. దస్తావేజు తీసి చెక్‌బందీ చూశాను. నాలుగు దిక్కుల హద్దులు రాసే భాగం అది. అక్కడా ఉత్తరాన ఖాళీ జాగాయే. కాగితానికి కాగితం సరిపోయింది. స్థలం దగ్గరికి వెళ్లాను కానీ, కంకర కుప్పలు దాటి వెనక్కి నడవాలంటే భయమేసింది. జారి పడితే? రోడ్డు మీది నుంచే చూశాను. అడ్డంగా రేకులు కట్టి ఉన్నాయి. వాటి వెనక నుంచి సాంచ చప్పుడు వినిపించింది. ఆ ఊళ్లో ఆ చప్పుడు ఎటు తిరిగినా ఉంటుంది. ‘హద్దులు సరిగా ఉన్నవి’ అని రాసి సంతకం పెట్టాను. దస్తావేజు ముప్పై ఏళ్ల నాటిదన్న సంగతి మీద మనసు పెట్టలేదు.

కాన్పు సెలవు ముగిసి డ్యూటీలో చేరిన వారానికి రాజవ్వ వచ్చింది. అరవై దాటిన మనిషి. చేతిలో ప్లాన్ జిరాక్సు.

“గీ కాయితంల మా ఇల్లు ఖాళీ జాగనట. మరి గిన్నేండ్ల సంది మేం యాడుంటున్నం బిడ్డా?”

“ఎవరు చెప్పిండ్రు అవ్వా?”

“గా బిల్డరే. నవ్వుకుంట చెప్పిండు. సంతకం నీదేనట గద.”

ఆమె వెంట వెళ్లాను. రేకుల వెనక పెంకుటిల్లు. దాని గోడకు మూరెడు దూరంలో నిలువునా గొయ్యి. అడ్డుగోడ లేదు. ఇంటి లోపల నేల నుంచి వాసం దాకా పగులు, నా వేలు పట్టేంత. ఆ గోడ పక్కనే రాజవ్వ కొడుకు సాంచ. అదురుకు పెళ్లలు రాలుతున్నాయని ఆపేశాడు. పసిపిల్ల ఊయలను అప్పటికే వంటింట్లోకి మార్చారు. రాజవ్వ మనవరాలు నా బిడ్డ కంటే నెల చిన్నది.

పని ఆపమని నోటీసు ఇచ్చాం. బిల్డర్ ఆఫీసుకే వచ్చాడు.

“గింత పరేషాన్ ఎందుకు మేడం? మీ రిపోర్టు మీరే జర చదువుకోండ్రి. ఖాళీ జాగకు అడ్డుగోడ ఎవలు కడ్తరు?”

అదే రిపోర్టు చూపించి కోర్టులో మా నోటీసు మీద స్టే తెచ్చుకున్నాడు. నాకు మెమో వచ్చింది. జవాబులో తప్పు నాదేనని రాశాను. ఆ జవాబు గోడను నిలబెట్టదు కదా. మరుసటి జూన్‌లో వానలు మొదలయ్యాయి. ఇంజినీరు వచ్చి చూసి, ఇల్లు ప్రమాదకరంగా ఉందని తేల్చాడు. మా నిబంధన ప్రకారం ఖాళీ చేయమనే నోటీసు కూలేలా ఉన్న ఇంటికే వెళుతుంది, గొయ్యికి కాదు. పట్టుకెళ్లింది నేనే.

రాజవ్వ వేలిముద్ర వేసింది. “మొదలు ఇల్లే లేదంటివి. లేని ఇంటిని ఖాళీ చెయ్యుమంటున్నవు,” అంది.  లోపల కోడలు ఊయల తాళ్లు విప్పుతోంది.

వారం తర్వాత ఇల్లు కూల్చారు. సాంచను పాత ఇనుము కింద అమ్మేసి, కొడుకు కూలికి వేరేచోట చేరాడు. ఫైలు మూసే ముందు స్థలం ఫోటో తీయడం నా పనే. తీశాను. ఉత్తరాన ఖాళీ జాగా. నేను రాసింది అప్పటికి నిజమైంది.

ఆ తర్వాత నా బిడ్డ ఊయలను ఏ గోడ దగ్గరా కట్టలేదు. ఇప్పుడు స్థలానికి వెళితే నాలుగు దిక్కులా తలుపులు తట్టి, ఉంటున్నవాళ్ల పేర్లు అడిగి చెక్‌బందీ పక్కన రాసుకుంటాను. ఎక్కడైనా సాంచ చప్పుడు వినిపిస్తే, అది ఎవరి ఇంట్లోదో కనుక్కునేదాకా పెన్ను తీయను.